కుట్టా? అస్తరా?

తెలుగు ఎమ్మే చదివినవాడి వల్ల ఇంటికి ఏం ప్రయోజనమో చెప్పమని మా బావ అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటాడు. ఆయన అమెరికాలో, డల్లాసులో, కంప్యూటరు వుద్యోగం చేస్తాడు గనుక అడిగే హక్కు ఆయనకి వుంది. నేను ఇరవై యేళ్ళుగా గుంటూరులో ఒక కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పుకుని బతుకుతున్నాను గనుక నవ్వి వూరుకునేవాణ్ణి. 2024లో మాత్రం ఆ ప్రశ్న నాకు నేనే వేసుకోవలసి వచ్చింది. ఎందుకంటారా? ఎవరో ఎప్పుడో రాసిన పద్యానికి అక్షరం అక్షరం అర్థం చెప్పేవాణ్ణి, నా బీరువాలో వున్న ఒక్క కాయితాన్ని చివరిదాకా చదవలేదు. అది మా నాన్న కడుపులో ఏముందో చెప్పే కాయితం.

మా నాన్న దర్జీ. తెనాలిలో పదహారో యేట మిషను మీద కాలు పెట్టాడు. డెబ్బై రెండు నిండినా తియ్యలేదు. మా అక్క పెళ్ళీ, నా చదువూ, ఇంటి మీద డాబా, అన్నీ ఆ మిషను చక్రంలోంచి వచ్చినవే. మా అమ్మకి 2019లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కుడి కాలూ స్వాధీనం తప్పాయి. అప్పటినుంచీ కొట్టుకి తాళం వేసి, మిషను ఇంటి వరండాలోకి తెచ్చుకున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళ జాకెట్లు కుడుతూ, మధ్యమధ్య లేచి అమ్మ పనులు చూసుకుంటాడు. ఆయనకున్న దురలవాటు ఒక్కటే, బీడీ. కత్తిరింపుకి కూర్చునే ముందు ఒకటి, కాజాలు కుట్టడం అయ్యాక ఒకటి. మధ్యలో వూరికే ఒకటి.

2024 జూన్‌లో వొంటేలుకి ఇబ్బందిగా వుందంటే గుంటూరు తీసుకువచ్చి పొట్ట స్కాను తీయించాను. స్కాను చేసే డాక్టరమ్మ చెయ్యి బొడ్డుమీద ఒకచోట ఆగిపోయింది. అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్ళీ అక్కడికే వచ్చింది. “ఇదివరకు ఎప్పుడైనా స్కాను తీశారా? ఆ రిపోర్టు వుందా?” అని అడిగింది.

వుంది. నా బీరువాలో పాలసీ కాయితాల కింద వుంది. 2021లో, కరోనా రెండో విడత తగ్గిన రోజుల్లో, నడుంనొప్పని తీయించినది. కుడి మూత్రపిండంలో ఆరు మిల్లీమీటర్ల రాయి వుందని మొదటి పేరాలో రాశారు. దానికి మందిచ్చారు, రాయి పోయింది, నొప్పి పోయింది. రిపోర్టు బీరువాలోకి పోయింది. ఆ రాత్రి ఇంటికి వచ్చి తీసి చూస్తే, రెండో పేజీ అడుగున, సంతకానికి కాస్త పైన ఒక వాక్యం వుంది. పొట్టలోని పెద్ద ధమని వుబ్బి 4.6 సెంటీమీటర్లు వున్నదనీ, మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించుకుంటూ వుండవలసిందనీ ఆ వాక్యం అర్థం. ఇప్పుడది 5.8.

రెండో పేజీ వుందని నాకు తెలుసు. తిప్పలేదు. అంతే.

ఆ ధమని సంగతి మీకు నాలుగు మాటల్లో చెబుతాను. గుండెనుంచి బయలుదేరి, రొమ్ములోంచి దిగి, వెన్నెముకకి ముందుగా పొట్టలోకి వచ్చే పెద్ద నెత్తురు గొట్టం అది. దారిలో రెండు మూత్రపిండాలకీ రెండు కొమ్మలిచ్చి, బొడ్డు దగ్గర తాను రెండుగా చీలి రెండు కాళ్ళకీ పోతుంది. పొట్టలో దాని వెడల్పు మామూలుగా రెండు సెంటీమీటర్లు. వయసువల్ల, పొగవల్ల, రక్తపోటువల్ల, కొందరికి వంశంలో వున్న లోపంవల్ల, దాని గోడ బలం తగ్గి ఒకచోట వుబ్బుతుంది. మూడు సెంటీమీటర్లు చేరితే జబ్బు కింద లెక్క. మగవాళ్ళకి అయిదున్నర చేరితే ఆపరేషను మాట ఎత్తుతారు. చాలామందికి నొప్పి వుండదు, జ్వరం వుండదు, ఆకలి తగ్గదు. కాని పగిలిందంటే మాత్రం నూటికి ఎనభై మంది దాకా దక్కరు. చాలామంది ఆసుపత్రి గుమ్మం కూడా చూడరు.

ఇదంతా నాన్నకి చెప్పవలసిన భారం నా మీద పడింది. ఎమ్మే కదా, “బృహద్ధమని స్ఫీతి చెందింది నాన్నా” అని మొదలుపెట్టాను. ఆయన కత్తెర పక్కన పెట్టి కాసేపు నా ముఖం చూశాడు.

“సైకిలు టైరు ఒకచోట వుబ్బినట్టా?”

“అంతే.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా!”

ఐన్‌స్టీన్ మహాశయుడికి వున్నది కూడా ఇదే జబ్బు. ఆ మాట చెబితే నాన్నకి ధైర్యంగా వుంటుందనుకున్నాను. 1948లో, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జను ఆయన పొట్ట తెరిచి, ఆ వుబ్బుని సెల్లోఫేను కాయితంతో చుట్టి మళ్ళీ మూసేశాడు. అప్పటికి అంతకు మించిన దారి లేదు. 1955 ఏప్రిల్లో అది పగిలింది. ఈలోగా కొత్త ఆపరేషను వచ్చింది గాని, ఆయన వద్దన్నాడు. 18వ తేదీన పోయాడు. ఆ చివరి ముక్క నాన్నకి చెప్పకుండా వుండవలసింది, నోరు జారి చెప్పేశాను. నాన్న వేళ్ళమీద లెక్కపెట్టి, “కాయితం చుడితేనే ఆరేళ్ళకు పైగా వచ్చాయన్నమాట” అన్నాడు.

ఇక ఇంట్లో సభలు మొదలయ్యాయి. అటు బావా అక్కా ఫోను తెరమీద. ఇటు నేనూ మా ఆవిడా. బావ స్టెంటు పార్టీ. “మావయ్యగారికి ఈ వయసులో పొట్ట కోయిస్తావా? ఇక్కడ ఎక్కువమందికి గజ్జలోంచి గొట్టం పంపి పని కానిచ్చేస్తారు. నాలుగో రోజుకి ఇల్లు. డబ్బు నేను చూసుకుంటాను” అన్నాడు. ఆయన నెగ్గడం ఇష్టం లేకనో, బీరువాలోని కాయితం తరిమి తరిమి చదివిస్తుంటేనో, నేను రాత్రుళ్ళు కూర్చుని దొరికినదల్లా చదివాను. చదివి ఓపెన్ ఆపరేషను పార్టీలో చేరిపోయాను. మొదట కొంచెం అపాయం ఎక్కువైనా, పదేళ్ళ లెక్క తీస్తే అదే గట్టిదని నా వాదన. ఆ వారం రోజులూ నేనూ బావా పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒకరి మాటలు ఒకరం దిద్దుకున్నాం. నాన్నని మాత్రం ఎవరమూ అడగలేదు. ఆయన వరండాలో జాకెట్లకి హుక్కులు కుట్టుకుంటున్నాడు.

జూలైలో హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. రక్తనాళాల సర్జనుగారు నా ఈడువాడే. సి.టి. స్కాను తీయించి, బొమ్మ తెరమీద పెట్టి, పాత రిపోర్టులు అడిగారు. ఇచ్చాను. 2021 కాయితం మీద తేదీ చూశారు, రెండో పేజీ తిప్పారు. తిప్పి నావైపు చూశారు.

“ఇది చూడలేదండీ. తప్పు నాదే” అన్నాను. నాన్న పక్కనే వున్నాడు. ఆయనకి అదే మొదటిసారి తెలియడం.

సర్జనుగారు నన్ను మరీ వురి తియ్యలేదు. “4.6 దగ్గర మేమైనా ఆపరేషను చేసేవాళ్ళం కాదు. అయిదున్నర లోపల తొందరపడి కోసినందువల్ల లాభం లేదని పెద్ద పెద్ద పరీక్షలు చేసి తేల్చారు. కనిపెట్టి వుండేవాళ్ళం. బీడీ మాత్రం మూడేళ్ళ కిందటే మాన్పించేవాళ్ళం” అన్నారు. ఆ చివరి మాటకి తండ్రీ కొడుకులిద్దరం తలలు వంచుకున్నాం.

తర్వాత ఆయన రెండు మార్గాలూ చెప్పారు. మొదటిది ఓపెన్ ఆపరేషను. పూర్తి మత్తు ఇచ్చి, పొట్ట నిలువునా తెరిచి, ధమనికి పైనా కిందా బిగింపులు పెట్టి కాసేపు నెత్తురు ఆపుతారు. వుబ్బిన సంచీని చీల్చి, దాని స్థానంలో గుడ్డతో చేసిన గొట్టాన్ని సన్నని దారంతో చేత్తో కుడతారు. పాత సంచీ గోడలనే దానిమీద కప్పి మూసేస్తారు. మూడు నాలుగు గంటల పని. తర్వాత కొన్ని రోజులు ఐ.సి.యు.; ఆసుపత్రిలో మొత్తం వారం, పది రోజులు; మనిషి మునుపటి మనిషి కావడానికి రెండు మూడు నెలలు. ఆ కాలంలో బరువెత్తకూడదు.

రెండోది స్టెంటు గ్రాఫ్టు. రెండు గజ్జల దగ్గరా చిన్న గాటు పెట్టి, అక్కడి నెత్తురు నాళంలోంచి, మడిచిన గొడుగులాగ వున్న గొట్టాన్ని ఎక్స్‌రే బొమ్మలో చూసుకుంటూ పైకి పంపుతారు. మూత్రపిండాల కొమ్మలకి సరిగ్గా కింద దాన్ని విప్పుతారు. లోహపు స్ప్రింగులు విచ్చుకుని గోడకి అదుముకుంటాయి, కొక్కేలు పట్టుకుంటాయి. నెత్తురు ఆ కొత్త గొట్టంలోంచి పోతుంది. వుబ్బిన సంచీ అలాగే వుంటుంది గాని దానిమీద వొత్తిడి పడదు.

నాన్న అంతా విని, “అంటే బాబూ, చివికిన చోట కోసేసి కొత్తగుడ్డ అతకడం ఒకటి. పైగుడ్డ జోలికి పోకుండా లోపల అస్తరు వెయ్యడం రెండోది. అంతేనా?” అన్నాడు.

సర్జనుగారు కుర్చీలో ముందుకి జరిగారు. “మీరేం పని చేస్తారండీ?”

“దర్జీనండీ.”

అక్కడినుంచి ఆ ఇద్దరి సంభాషణలో నా ఎమ్మేకి పని లేకపోయింది. గుడ్డ ఏ రకమని నాన్న అడిగాడు. పాలియెస్టరు, డాక్రాన్ అంటారన్నారాయన. “మా కాలపు టెరిలిన్ చొక్కా గుడ్డా!” అన్నాడు నాన్న. అవును, అదే జాతి. 1951లో పారిస్‌లో ఛార్లెస్ దుబోస్ట్ అనే సర్జను మొట్టమొదట వుబ్బిన ధమని కోసి తీసి, చనిపోయినవారి నుంచి సేకరించిన ధమనిని అతికాడట. అవి అందరికీ దొరికేవి కావు. అమెరికాలో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే ఆయన గుడ్డతో ప్రయత్నం చేశాడు. బట్టలకొట్టుకి వెళ్ళి నైలాన్ అడిగితే అయిపోయిందన్నారు. అప్పుడే కొత్తగా వచ్చిన డాక్రాన్ ఇచ్చారు. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టు ఆయనకి అప్పుడు పనికి వచ్చింది. ఆ తొలి గొట్టాలు ఇంట్లో కుట్టుమిషను మీద స్వయంగా కుట్టుకున్నాడు.

“అంత పెద్ద డాక్టరూ మిషను తొక్కాడా?” అన్నాడు నాన్న. ఆసుపత్రికి వచ్చాక ఆయన ముఖంలో కళ రావడం అదే మొదలు.

స్టెంటు గ్రాఫ్టు చూపించమన్నాడు. సర్జనుగారు సొరుగులోంచి ఒక నమూనా తీసి చేతికిచ్చారు. నాన్న దాన్ని తిప్పి చూసి, “ఇది ప్యాంటు కదండీ!” అన్నాడు. నిజంగా ప్యాంటే. పైన నడుం, కింద రెండు కాళ్ళు. ఒక కాలు పొడుగ్గా నడుంతో కలిసి వుంటుంది; రెండోది పొట్టిగా వుంటుంది, లోపలికి పోయాక దానికి ఇంకో ముక్క తగిలిస్తారు. “నడుం కొలత సరిపోకపోతే జారుతుంది మరి” అన్నాడు నాన్న.

“ఈ వైద్యమంతా ఆ ఒక్క మాటలో వుంది” అన్నారు సర్జనుగారు. మూత్రపిండాల కొమ్మలకీ వుబ్బుకీ మధ్య బాగున్న గొట్టం కొంత మిగిలి వుండాలి. మామూలు స్టెంటు గ్రాఫ్టు నిలబడడానికి సెంటీమీటరు, సెంటీమీటరున్నరైనా కావాలి. నాన్నకి రెండు సెంటీమీటర్లకు పైగా, తిన్నగా వుంది. గుండె బాగుంది, వూపిరితిత్తులు బీడీలు కాల్చినవాడికి వుండవలసిన దానికంటె మెరుగ్గా వున్నాయి. రెండు దారులూ తెరిచే వున్నాయన్నమాట.

“అయితే ఏది గట్టిదండీ?” నాన్న అడిగాడు.

ఆయన దాపరికం లేకుండా చెప్పారు. 1987లో ఖార్కివ్‌లో వొలొదోస్ అనే సర్జను రొమ్ములోని ధమనికీ, 1990లో బ్యూనస్ ఐరిస్‌లో పరోది అనే ఆయన పొట్టలోని ధమనికీ ఈ అస్తరు పద్ధతి మొదలుపెట్టారు. కోత తట్టుకోలేని ముసలివాళ్ళ కోసం మొదలైంది, తర్వాత అందరికీ పాకింది. ఏది మేలో తేల్చాలని ఇంగ్లండులో 1999 నుంచి 2004 దాకా 1252 మందిని చేర్చుకుని, చీటీ వేసినట్టు సగం మందికి అదీ, సగం మందికి ఇదీ చేశారు. మొదటి నెలలో ఓపెన్ చేసినవాళ్ళలో నూటికి నలుగురైదుగురు పోయారు. స్టెంటు వేసినవాళ్ళలో ఇద్దరు. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ తేడా కరిగిపోయింది. ఎనిమిదేళ్ళు దాటాక తక్కెడ అటు మొగ్గింది. స్టెంటు వేసినవాళ్ళలో కొందరికి అది జారో, పక్కనుంచి నెత్తురు వూరో, పాత సంచీ మళ్ళీ పెరిగి పగిలింది. పదిహేనేళ్ళ లెక్కలు 2016లో ప్రకటించారు. అవన్నీ పాత రకం స్టెంట్లే. ఇప్పుడు మెరుగైనవి వచ్చాయి. అయినా, శరీరం తట్టుకునేవాళ్ళకి ముందు ఓపెన్ ఆపరేషనే చూడమని 2020లో అక్కడి వైద్య మార్గదర్శకాలు చెప్పాయి. అమెరికాలో మాత్రం స్టెంటుదే రాజ్యం.

అంటే నేనూ బావా ఇద్దరమూ చదివినది నిజమే. నేను విజయగర్వంతో, “అందుకే ఓపెనే నయమని...” అని అందుకోబోయాను. సర్జనుగారు చెయ్యెత్తి నన్ను ఆపి, నాన్న వైపు తిరిగారు.

“మీకు ఇంటి దగ్గర పనేమిటండీ? పొద్దున్న లేస్తే ఏం చేస్తారు?”

ఆ ప్రశ్న వారం రోజుల సభల్లో ఒక్కరికీ తోచలేదు. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగున్నరకి లేచి నీళ్ళు కాస్తాడు. అమ్మని లేవదీసి కూర్చోబెడతాడు. బాత్‌రూముకి తీసుకువెళ్ళాలి, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుంకి. స్నానం, చీర, జడ. ఇడ్లీ పెట్టి మందులు వెయ్యాలి. మధ్యాహ్నం పక్క తిప్పాలి. సాయంత్రం వరండాలో కుర్చీలో కూర్చోబెట్టాలి. నేను నెలకి రెండు ఆదివారాలు వెళ్ళి వచ్చేవాణ్ణి. ఈ పట్టిక ఇంత పొడుగుందని నాకూ తెలియదు.

“మూడు నెలలు బరువెత్తకూడదంటే కష్టం బాబూ” అన్నాడు. “కోతకి భయం లేదు. కుట్టే గట్టిదని నాకు తెలీదా? అస్తరు ఎప్పటికైనా వదులయ్యేదే. కాని పదేళ్ళ తరవాతి సంగతి పదేళ్ళ తరవాత చూద్దాం. ఇప్పుడు నా దగ్గర లేనివి ఈ మూడు నెలలే.”

“అమ్మని మా ఇంటికి తీసుకువెడతాం నాన్నా, నేనూ కోడలూ లేమా?” అన్నాను.

“నువ్వు మీ అమ్మకి జడ వెయ్యగలవా?” అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

సర్జనుగారు కాయితం మీద ఏదో రాసుకుని, కలం మూసి, “సరే. కాని ఒక షరతు. ఓపెన్ అయితే ఒకసారి బాకీ తీర్చేసినట్టు, తర్వాత ఎప్పుడో ఒకసారి చూపించుకుంటే చాలు. ఇది వడ్డీ కట్టుకునే బాకీ. నెలకి ఒక స్కాను, తర్వాత ఏడాదికొకటి, బతికున్నంతకాలం. మానితే స్టెంటు వేసి లాభం లేదు. ఎవరు తీసుకువస్తారు?” అన్నారు.

“నేను” అన్నాను. సర్జనుగారు కాదు, నాన్న నా వైపు చూశాడు. బీరువాలోని కాయితం గురించి ఆయన ఆనాడు ఒక్క మాట అనలేదు, తర్వాతా అనలేదు. ఆ చూపు మాత్రం ఇంకా నా దగ్గర వుంది.

ఆగస్టులో స్టెంటు వేశారు. పరికరం ఖరీదే లక్షల్లో. సగం బావ పంపాడు, సగం నేను పి.ఎఫ్.లో అప్పు తీశాను. నడుందాకా మాత్రమే మత్తు. రెండున్నర గంటలు పట్టింది. నాన్న మర్నాడు వార్డులో నడిచాడు, నాలుగో రోజు ఇంటికి పంపారు. ఆ పది రోజులూ కాలేజీకి సెలవు పెట్టి మా ఆవిడ తెనాలిలో అమ్మ దగ్గర వుంది. అమ్మకి జడ ఆవిడే వేసింది. ఎడమవైపు వంకరగా వచ్చిందని అమ్మ నాన్నకి ఫోనులో చాడీ చెప్పింది.

వార్డులో పక్క మంచం మీద కాకినాడ నుంచి వచ్చిన పోస్టుమాస్టరుగారు వుండేవారు. అరవై రెండేళ్ళు, రిటైరై రెండేళ్ళయింది. ఆయనకి వుబ్బు మూత్రపిండాల కొమ్మలకి ఆనుకునే మొదలైంది. నడుంపట్టీకి చోటు లేదు. కొమ్మలకి కూడా కిటికీలు పెట్టి కుట్టిన ప్రత్యేకమైన స్టెంట్లున్నాయి గాని వాటి ఖరీదు మరీ ఎక్కువ. పైగా ఆయన గట్టి మనిషి. ఓపెన్ చేశారు. నాన్న ఇంటికి బయలుదేరిన రోజున ఆయన ఇంకా ఐ.సి.యు.లోనే వున్నారు. ఆయన భార్య కారిడారులో కూర్చుని మావైపు చూసిన చూపుకి, మేం సామాను సర్దుకోవడం తప్పు చేసినట్టనిపించింది.

నెల తిరక్కుండానే మా సంతోషానికీ ఒక చిక్కు వచ్చింది. మొదటి స్కానులో, వెన్నువైపు నుంచి వచ్చే ఒక చిన్న నాళంలోంచి నెత్తురు వెనక్కి తన్ని, స్టెంటుకీ పాత సంచీకీ మధ్య కొద్దిగా చేరుతోందని తేలింది. స్టెంటు జారలేదు, చినగలేదు. ఈ రకం కారడం చాలామందిలో కనిపించేదేననీ, కొందరికి దానంతట అదే ఆగుతుందనీ, సంచీ పెరగనంతకాలం కనిపెట్టి వుంటే చాలనీ సర్జనుగారు చెప్పారు. రైల్లో నేను బిగుసుకుని కూర్చుంటే నాన్నే వోదార్చాడు: “అస్తరు వెనక కాస్త గాలి చేరింది. పైగుడ్డ వుబ్బితే కదా కంగారు!”

ఆరు నెలలకి చూశారు, సంచీ పెరగలేదు. 2025 ఆగస్టులో చూశారు, పెరగలేదు. కారడం మాత్రం ఆగలేదు. వచ్చే ఆగస్టుకి మళ్ళీ వెళ్ళాలి. ఆ తర్వాతి ఆగస్టుకీ. ఒకనాడు ఇంకో చిన్న ఆపరేషను కావలసి రావచ్చునని ఆయన ముందే చెప్పి వుంచారు.

పోస్టుమాస్టరుగారు అప్పుడప్పుడు నాన్నకి ఫోను చేస్తారు. ఆయన మొదటి మూడు నెలలూ నరకం చూశారట. తిండి సయించలేదు, తొమ్మిది కిలోలు తగ్గారు, దగ్గితే పొట్ట పట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు పొద్దున్నే సముద్రపొడ్డున మూడు మైళ్ళు నడుస్తున్నారు. “నా పని అయిపోయిందండీ. మీకే ఏటేటా ఆ తద్దినం తప్పలేదు” అన్నారాయన మొన్న. నాన్న పెద్దగా నవ్వి, “బతికుండగా పెట్టుకునే తద్దినం కదండీ, భోజనం కూడా మనమే చెయ్యొచ్చు!” అన్నాడు.

ఈ ఇద్దరిలో ఎవరిది సరైన నిర్ణయమని మీరడిగితే నాకు జవాబు లేదు. పోస్టుమాస్టరుగారికి అస్తరు పనికిరాదు. మా నాన్నకి కుట్టు పనికి వచ్చినా ఆయన చేతిలో మూడు నెలలు లేవు. 1252 మంది లెక్క ఎంతో విలువైనదే. అది లేకపోతే మాకు ఎనిమిదేళ్ళ తరవాతి అపాయం సంగతి తెలిసేదే కాదు. కాని నాలుగున్నరకి లేచి నీళ్ళు కాచే మనిషి ఆ లెక్కలో ఏ గడిలోకి వస్తాడో అతన్ని అడిగితే తప్ప తెలియదు. నేనూ బావా పోట్లాడుకుంది ధమని గురించి. ఆ ధమని వున్న మనిషి పక్క వరండాలోనే వున్నాడు.

మీ ఇంట్లో అరవై అయిదు దాటి, ఎప్పుడైనా చుట్టో బీడీయో సిగరెట్టో కాల్చిన పెద్దాయన వుంటే, వైద్యుణ్ణి అడిగి ఒక్కసారి పొట్ట స్కాను చేయించండి. సూది లేదు, నొప్పి లేదు, పది నిమిషాల పని. ఇంగ్లండులో అరవై అయిదో యేట మగవాళ్ళందరినీ పిలిచి మరీ చేస్తారు. అన్నదమ్ములకో తండ్రికో ఈ వుబ్బు వున్నవాళ్ళు ఇంకా ముందే అడగండి. నేనూ చేయించుకున్నాను, రెండు సెంటీమీటర్లే వుంది.

నాన్న బీడీ మానేశాడు. జేబులో పిప్పరమెంటు బిళ్ళలుంటాయి. కాజా కుట్టడం అయ్యాక ఒకటి, వూరికే ఒకటి. అమ్మ జడ వంకర పోకుండా ఆయనే వేస్తున్నాడు. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం తెనాలి వెడుతున్నాను. భుజం కింద ఒక చెయ్యి, నడుంకి ఒక చెయ్యి ఎలా వెయ్యాలో నేర్చుకున్నాను.

ప్రతి ఏడూ క్యాలండరు రాగానే ఆగస్టు పేజీ తీసి ముందుగా ఆ తేదీకి చుట్టూ గీత గీస్తాను. స్కాను రిపోర్టు చేతికి రాగానే ఆసుపత్రి మెట్లమీదే కూర్చుని నాన్నకి చదివి వినిపిస్తాను. మొన్న ఆగస్టులో మొదటి పేజీ అయి, ఆగి, కళ్ళజోడు తుడుచుకుంటున్నాను.

“రెండో పేజీ వుంది చూడు” అన్నాడు నాన్న.